పాల కేంద్రంలో టెర్మినలు స్టార్టు కాకపోతే

తెల్లవారుజామున క్యాన్లతో వరుస కట్టిన సభ్యులకు కంప్యూటరు ఎందుకు ఆగిందన్నది ముఖ్యం కాదు. పాలు సరిగా కొలిచారా, వెన్నశాతం చీటీ మీద సరిగా పడిందా అన్నదే ముఖ్యం. కాబట్టి ముందుగా చేతి రిజిష్టరు తెరవాలి. లీటర్లు, వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్. రాసి, సభ్యునికి చీటీ ఇచ్చి, ఆ తరువాతే యంత్రం సంగతి చూడవలసి ఉంటుంది.

ఒకే లినక్స్ సర్వరు మీద రెండు మూడు థిన్ క్లయింట్లు నడుపుకొనే చోట ఈ చిక్కు తరచు వస్తుంది. థిన్ క్లయింటు అనగా సొంత హార్డు డిస్కు అవసరం లేని చిన్న కంప్యూటరు. మన ఆత్రేయపురం పూతరేకులా సన్నదే గాని, లోపల బెల్లం, నెయ్యి ఉండవు. సరుకంతా సర్వరు నుంచి కేబులు ద్వారా రావలసిందే. ఇందుకు పనికివచ్చే ఎల్.టి.ఎస్.పి. అనే ఉచిత సాఫ్ట్‌వేరు 1999లో మొదలైంది.

ధవళేశ్వరం నుంచి వచ్చిన నీరు లొల్ల లాకులు దాటి, కాలువల్లోంచి బోదెల్లోకి దిగితేనే మడికి చేరుతుంది. మడి ఎండితే రైతు ఆనకట్టను తిట్టడు. గట్టు వెంట నడిచి నీరు ఎక్కడ ఆగిందో చూస్తాడు. ఇక్కడా అంతే.

టెర్మినలు మొదట "నా చిరునామా ఏది?" అని నెట్‌వర్కులో అందరినీ అడుగుతుంది. డి.హెచ్.సి.పి. సేవ చిరునామా ఇచ్చి, ఏ సర్వరులో ఏ ఫైలు తీసుకోవాలో చెబుతుంది. ఆ ఫైలు టి.ఎఫ్.టి.పి. పద్ధతిలో చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. దాని వెనుక లినక్స్ కెర్నెల్, ఆ వెనుక మిగతా ఫైళ్లు.

పాత బయోస్ టెర్మినళ్లలో పని ఎక్కడ ఆగిందో తెర మీది అంకె చెబుతుంది. ఈ61 అంటే కేబులు; పనిచేస్తున్న పక్క టెర్మినలు కేబులు తెచ్చి పెట్టి చూడండి. ఈ51 అంటే చిరునామా అడిగితే ఎవరూ పలకలేదు. అన్ని తెరల మీదా అదే వస్తే సర్వరునో స్విచ్చినో చూడాలి. ఈ32 అంటే టి.ఎఫ్.టి.పి. పలకలేదు, ఆ సేవ ఆగి ఉండవచ్చు, ఫైర్‌వాలు అడ్డుపడి ఉండవచ్చు.

అన్నిటికన్నా తికమక పెట్టేది ఈ53. చిరునామా వచ్చింది, ఫైలు పేరు రాలేదు. నిన్నటి దాకా బాగా నడిచినదానికి ఇలా వస్తే, కొత్తగా ఏం తగిలించారో అడగండి. ఇంటర్నెట్టు కోసం ఎవరో రూటరు తెచ్చి అదే స్విచ్చికి కలిపి ఉంటారు. రూటరు కూడా చిరునామాలు పంచుతుంది, ఫైలు సంగతి దానికి తెలియదు. ఒక బోదెకు ఇద్దరు లస్కర్లన్నమాట. ఎవరు ముందు పలికితే వారి మాట నెగ్గవచ్చు గనుక ఒక రోజు నడుస్తుంది, ఒక రోజు నడవదు. రూటరులో డి.హెచ్.సి.పి. ఆపితే తీరుతుంది.

కొత్త యు.ఇ.ఎఫ్.ఐ. టెర్మినలుకు పాత బయోస్ ఫైలు సరిపోదు. దానికి వేరే ఫైలు ఏర్పాటు చేయించాలి. కెర్నెల్ దిగిన తరువాత ఆగిందంటే దారి చాలావరకు బాగానే ఉన్నట్టు. మిగతా ఫైళ్లు పంచే సేవ ఆగిందేమో, ఆ టెర్మినలు నెట్‌వర్కు కార్డుకు డ్రైవరు ఉందో లేదో చూడమని మెకానిక్కుకు చెప్పండి.

ఒక్క టెర్మినలు ఆగిందని సర్వరును మాత్రం ఆపకండి. పక్క కిటికీలో నడుస్తున్న కొలత కూడా పోతుంది. కరెంటు సంగతి మరొకటి: సర్వరుకు యు.పి.ఎస్. పెట్టి, స్విచ్చిని మామూలు ప్లగ్గుకు వదిలేస్తుంటారు. కరెంటు పోగానే సర్వరు వెలుగుతూనే ఉంటుంది, టెర్మినళ్లు కొయ్యబారతాయి. రెండింటినీ యు.పి.ఎస్.కే కలపాలి.

రిజిష్టరులో రాసిన ఉదయపు లెక్కలను సాయంత్రం సేకరణకు ముందే కంప్యూటరులో ఎక్కించి, మరొకరి చేత సరిచూపించండి.