చుక్కాని పెడళ్ళ తకరారు

ఇంటిలోని కంప్యూటరుపై విమానయానమును అభ్యసించుట నేటి విద్యార్థులకు అందుబాటులోనికి వచ్చిన విద్య. ఫ్లైట్ సిమ్యులేటరుతో పాటు చేతికి జాయ్‌స్టిక్, కాళ్ళకు రెండు పెడళ్ళు సమకూర్చుకొనినవారు తరచుగా చేయు ఫిర్యాదు ఒకటి కలదు: పెడలును తాకినంతనే విమానము రన్‌వేను విడిచి గడ్డిలోనికి పోవుచున్నదని. ఈ తకరారునకు గల కారణములను, సవరణ మార్గములను మనము పరిశీలింతము.

విమానపు తోకపై నిలువుగా నిలిచిన రెక్కకు వెనుక, తలుపువలె కదలు పలకయే చుక్కాని. కుడి పెడలును నొక్కిన ముక్కు కుడికి, ఎడమ పెడలును నొక్కిన ఎడమకు తిరుగును. పేరు పడవనుండి వచ్చినదే గాని పని పూర్తిగా అదియే కాదు. పడవ చుక్కానితోనే మలుపు తిరుగును. విమానము రెక్కలను ఒక ప్రక్కకు వాల్చి మలుపు తిరుగును. ఆ మలుపులో ముక్కు దారి తప్పకుండ సరిదిద్దుటయే చుక్కాని పని. చిన్న విమానములు నేలపై నడచునపుడు ముందు చక్రమును త్రిప్పునవియు ఈ పెడళ్ళే. పై అంచును మునివ్రేళ్ళతో నొక్కిన బ్రేకు పడును. ఒక్క పాదమునకు మూడు పనులు అప్పగించినపుడు లోపము ఎచ్చటనున్నదో ఒక్క చూపున తెలియకపోవుట సహజము.

మొదట తేల్చుకొనవలసినది, లోపము పెడళ్ళదా, విమాన స్వభావమా అనునది. సెస్నా 172 వంటి ఒంటి ప్రొపెల్లరు విమానము పూర్తి శక్తితో పరుగెత్తునపుడు ఎడమకు లాగును. ఇంజను త్రిప్పుడు బలము, ప్రొపెల్లరు వెనుక మెలికలు తిరుగుచు పోవు గాలి తోకను తాకుట ఇందుకు ముఖ్య కారణములు. నిజ విమానములోను పైలట్ కుడి పాదముతో దీనిని అడ్డుకొనవలసినదే. దీనిని పెడళ్ళ దోషముగా భావించి సెట్టింగులు మార్చువారు లేని రోగమునకు మందు వేయుచున్నారు.

కావున సిమ్యులేటరును తెరువకయే, విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల పట్టికను తెరచి పాదములు తీసివేసి చూడవలెను. సూచిక నడుమ నిలిచిన పెడలు క్షేమము. అది ఒక ప్రక్కగా నిలిచినచో క్యాలిబ్రేషన్ మరల చేయవలెను. ఆ సమయమున రెండు పెడళ్ళను చివరివరకు నొక్కుట మరువరాదు. సూచిక తనంతట తాను వణకుచున్నచో లోపల పొటెన్షియోమీటరు ఉన్నదని, దాని కర్బనపు పట్టీ అరిగినదో, దుమ్ము పట్టినదో అని ఊహింపవచ్చును. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో కొంతకాలము నెట్టుకొని రావచ్చును. అయస్కాంతముతో పనిచేయు హాల్ సెన్సరులో ఒకదానినొకటి రాచుకొను భాగములు లేనందున ఈ బాధ తక్కువ.

తరువాత సిమ్యులేటరులోని కంట్రోళ్ళ పట్టికను చూడవలెను. జాయ్‌స్టిక్‌ను మెలివేసిన చుక్కాని కదలునట్లు ముందుగనే అమర్చియుండును. పెడళ్ళు తగిలించిన పిదపను ఆ అమరిక తొలగించనిచో ఒకే చుక్కానికి ఇద్దరు యజమానులు! చేయి ఏమాత్రము వణకినను ముక్కు ఊగును. కొన్ని పెడళ్ళకు బ్రేకు తలక్రిందులుగా నమోదగుట మరియొక చిక్కు. అపుడు పాదము తీసినచో పూర్తి బ్రేకు, నొక్కినచో విడుదల. ఒక ప్రక్క మాత్రమే ఇట్లయినచో విమానము ఆ వైపునకే గిరగిర తిరుగును.

ఇవి అన్నియు సరిగనున్నను చురుకుదనము తగ్గనిచో సెన్సిటివిటీ వక్రమును ఆశ్రయింపవలెను. సరళరేఖలో పాదము 20 శాతము కదలిన చుక్కానియు 20 శాతము కదలును. వక్రమును నడుమ చదును చేసినచో, ఉదాహరణకు సగము సరళము, సగము ఘనము కలిపిన లెక్కలో, 20 శాతమునకు సుమారు 10 శాతము, 50 శాతమునకు 31 శాతము మాత్రమే వచ్చును. నూటికి నూరు వచ్చును. ఇచ్చట గణిత విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. చురుకుదనము మాయమగుట లేదు, చివరలకు తరలిపోవుచున్నది. పై లెక్కలో చివర వాలు రెట్టింపగును. అడ్డగాలిలో దిగునపుడు పెడలును లోతుగా నొక్కవలసివచ్చును గనుక వక్రమును మితిమీరి వంచినవారు అచ్చట చిక్కుపడుదురు. డెడ్ జోన్ సంగతియు అంతే. రెండు మూడు శాతములు మేలు. పదునైదు ఇరువది శాతములైనచో పాదము కొంతసేపు శూన్యములో కదలి హఠాత్తుగా తగులుకొనును.

సెట్టింగులతో తీరని కారణములు రెండు కలవు. మొదటిది కుర్చీ. చక్రముల కుర్చీలో కూర్చుండి పెడలును త్రొక్కిన కుర్చీయే వెనుకకు జరుగును. దానిని ఆపుటకై పాదము అదరిపడును. చక్రములకు అడ్డు పెట్టి, మడమలను నేలకు ఆనించిన సగము ఫిర్యాదులు తగ్గునని మా అభిప్రాయము. రెండవది శరీరానుభవము. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ తన శిక్షణ యంత్రమును నిర్మించినపుడు తండ్రిగారి ఆర్గన్ కర్మాగారములో నేర్చిన విద్యను వాడి, మన హార్మోనియములో వలె తిత్తులతో దానిని కదలించెను. అందు కూర్చున్నవాడు మలుపును ఒంటితో ఎరుగును. బల్లముందు కూర్చున్న మనకు కన్ను ఒక్కటే దిక్కు. కన్ను ఆలస్యముగ చెప్పును, పాదము అధికముగ నొక్కును, మరల ఎదురు పెడలు నొక్కవలసివచ్చును.

ఇది ఆటలోని మాట మాత్రమే కాదు. 2001 నవంబరు 12న న్యూయార్కు నుండి బయలుదేరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానము ముందుపోయిన విమానము వదలిన సుడిగాలిలో పడినది. సహపైలట్ పెడళ్ళను అటునిటు మార్చి మార్చి గట్టిగా త్రొక్కగా తోకలోని నిలువు రెక్క ఊడిపోయి, విమానములోని 260 మంది, నేలపై 5గురు మరణించిరి. ఆ ఎయిర్‌బస్ ఎ300-600 లో వేగము పెరిగినకొలది పెడలు కదలు దూరము తగ్గును; 250 నాట్ల వద్ద అది సుమారు 1.2 అంగుళములు మాత్రమే. అతి చురుకైన ఆ పెడళ్ళ ఏర్పాటును, ఆ సంస్థ ఇచ్చిన శిక్షణను కూడ దోహదకారణములుగా అమెరికా రవాణా భద్రతా మండలి 2004లో పేర్కొన్నది. సిమ్యులేటరులో చేయించిన ఒక అభ్యాసము సుడిగాలిని గూర్చి అతిశయోక్తి భావము కలిగించియుండవచ్చునని కూడ అది వ్రాసినది.

మన దేశమున వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటల విమానయానము కావలెను. ఇంటి బల్లపై గడపిన గంట ఆ లెక్కలో చేరదు గాని అచ్చట పట్టుబడిన పాదపు అలవాటు మాత్రము విమానములోనికి వెంట వచ్చును. పైలట్ కాగోరు విద్యార్థులు పెడళ్ళను ముందుగనే సరిచేసికొనవలెనని చెప్పుట ఇందుకే.

సవరణలను ఒక్కొక్కటిగా చేసి, ప్రతిదాని పిదప ఒకే విమానముతో, గాలి లేని వాతావరణములో పరీక్షింపవలెను. ఆటో రడ్డర్ సహాయమును ముందే తీసివేయవలెను. సెస్నా 172ను రన్‌వే నడిగీతపై నిలిపి, శక్తిని నెమ్మదిగా పెంచి, సుమారు 55 నాట్ల వద్ద ముక్కు ఎత్తి ఎగురునపుడు సూచికలోని చిన్న నల్ల బంతిని చూడుడు. అది కుడికి జరిగిన కుడి పాదమును, ఎడమకు జరిగిన ఎడమ పాదమును మెల్లగా ఒత్తవలెను. బంతి ఊగక నడుమ నిలిచినచో ఆ వక్రమును అట్లే భద్రపరచుకొనుడు.