పోస్టరు ముందు ఒక్క నిమిషం

బోరు నీళ్ళలో పప్పు ఓ పట్టాన ఉడకదనీ, సిరువాణి నది నీళ్ళయితే ఇట్టే మెత్తబడుతుందనీ కోయంబత్తూరు వంటిళ్ళలో అనుకునే మాటే. గాంధీపురంలోని తెలుగింటి పిల్ల ఒకతె సైన్సు ప్రదర్శనకు ఈ సంగతే తీసుకుందనుకుందాం. బోరు నీళ్ళలాంటి కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం పప్పులోని పెక్టిన్‌తో కలిసి దాన్ని మెత్తబడనివ్వవు. అందుకే ఆలస్యం. ప్రశ్న బాగుంది, జవాబూ ఉంది. తీరా పోస్టరు గోడకెక్కేసరికి “పప్పుధాన్యాల ఉడుకు కాలంపై నీటి కాఠిన్య ప్రభావం: ఒక అధ్యయనం” అని శీర్షిక, కిందంతా చీమల బారుల్లా అక్షరాలు! “బోరు నీళ్ళలో కందిపప్పు ఆలస్యంగా ఉడికింది” అంటే సరిపోదూ?

శాస్త్ర సభల్లో పోస్టర్లు మరీ పాతవేం కావు. ఐరోపా జీవరసాయన శాస్త్రవేత్తలు 1969లో మాడ్రిడ్ సభలో వాటిని వాడారు. 2019లో మైక్ మారిసన్ అనే అమెరికా పరిశోధక విద్యార్థి, తేలిన విషయాన్ని నడిమధ్య పెద్దక్షరాల్లో ఒక్క వాక్యంగా పెట్టి, వివరాలను పక్కలకు జరిపే నమూనా ప్రచారంలోకి తెచ్చాడు. పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. అయితే ఆ వాక్యం పక్కనే ఆధారం కూడా కనబడాలి, లేకుంటే అది వ్యాపార ప్రకటనే.

ఆధారమంటే ఇక్కడ రెండు కడ్డీల గ్రాఫు చాలు. మోసం జరిగేదీ అక్కడే. ఒక నీటిలో 25 నిమిషాలు, మరో నీటిలో 30 పట్టాయనుకోండి. నిమిషాల గీతను సున్నా నుంచి కాక 20 నుంచి మొదలుపెడితే రెండో కడ్డీ మొదటిదానికి రెట్టింపు పొడవుంటుంది. పిల్ల కావాలని చేయకపోవచ్చు, కంప్యూటరే అలా గీసిపెట్టొచ్చు. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వాడితే తేడా తెలియని కళ్ళూ ఉంటాయి. అక్షరాలు నాలుగడుగుల దూరానికి ఆనాలి.

తెలుగిళ్ళ పిల్లలు బడిలో తమిళమో ఇంగ్లీషో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే ఊరు కోయంబత్తూరు. పోస్టరు ఏ భాషలో ఉన్నా ముందు అవ్వకు తెలుగులో చెప్పించి చూడండి. తనకే అర్థం కానిచోట పిల్ల తడబడుతుంది. అవినాశి రోడ్డులోని జి.డి. నాయుడు ప్రదర్శనశాలకు వెళ్ళినప్పుడు యంత్రాలతోపాటు జనాన్నీ గమనించమనండి: ఎక్కడ ఆగుతున్నారు, ఏ పలకను చదవకుండా దాటేస్తున్నారు?

ఇక మార్కులు. మెరుపు కాగితాలకూ తీర్చిన అంచులకూ పడే మార్కులు నాకు నచ్చవు. న్యాయనిర్ణేత మొదట పిల్లను పక్కకు నిలబెట్టి, ఒక్క నిమిషం తనంతట తాను చదవాలి. ప్రశ్నేమిటో, ఏం తేలిందో ఆలోపు అందకపోతే లోపం పోస్టరుదే. ఆ తర్వాత పిల్లను అడగాలి: గిన్నె, మంట, పప్పు కొలత, నానబెట్టిన సేపు రెండింటికీ ఒకటేనా? ఎన్నిసార్లు ఉడకబెట్టావు? “మూడుసార్లండీ, మూడోసారి తేడా రాలేదు, అదీ రాశాను” అంటే నేనైతే ఆ పిల్లకే ఎక్కువ మార్కులు వేస్తాను.