ఓణం విందు: ఆకు నిండాలంటే పాతిక వంటకాలు కావాల్సిందేనా?

తిరువోణం రోజు మధ్యాహ్నం కేరళలో దాదాపు ప్రతి ఇంట్లోనూ అరటి ఆకులు పరుస్తారు. ఆకు కొన భాగం తినేవారి ఎడమ చేతివైపు ఉంటుంది. పై సగంలో కూరలు, పచ్చళ్లు, కింది సగంలో అన్నం. ఈ విందునే మలయాళంలో 'సద్య' అంటారు.

సద్య అనగానే పాతికకు పైగా వంటకాలున్న ఫొటోలే కళ్ల ముందుకొస్తాయి. పత్తనంతిట్ట జిల్లాలోని ఆరన్ముళ పార్థసారథి ఆలయంలో జరిగే వళ్లసద్యలోనైతే 60కి పైగా రకాలు వడ్డిస్తారు.

కానీ అది పెద్ద వంటశాల, చాలామంది వంటవాళ్లు ఉన్నచోట జరిగే పని. నలుగురున్న ఇంట్లో, ఒకరిద్దరే వండాల్సి వచ్చినప్పుడు వేటిని ఉంచాలి, వేటిని వదిలేయాలి?

పేర్లు మనవే, వంటకాలు వేరు

తెలుగువారు సద్య ముందు కూర్చుంటే ముందు తికమకపెట్టేవి పేర్లే. అక్కడ 'పచ్చడి' అంటే రోట్లో నూరిన కారం కాదు. అనాస, గుమ్మడి, బీట్‌రూట్ లాంటి వాటిని ఉడికించి, కొబ్బరి, ఆవాలు నూరి, పెరుగు కలిపి చేసేది. కాస్త తియ్యగా ఉంటుంది.

'కిచ్చడి'కీ బియ్యం, పెసరపప్పుతో వండే కిచిడీకీ సంబంధం లేదు. దోసకాయ, కాకర లేదా బెండకాయలతో చేసే పెరుగు కూర అది.

వడ్డన వరస మాత్రం మనకు తెలిసినట్టే ఉంటుంది. మొదట పప్పు, నెయ్యి, అప్పడం. తర్వాత సాంబారు. ఆపైన పాయసం. చివర్లో రసం, మజ్జిగ. ప్రాంతాన్ని బట్టి ఈ వరసలో చిన్న చిన్న తేడాలున్నాయి.

లెక్క కాదు, రుచుల పొందిక

సద్యలోని కూరల్లో చాలావాటికి కొబ్బరే ఆధారం. దాన్ని వాడే తీరును బట్టి కూర మారిపోతుంది.

పచ్చి కొబ్బరి కోరుతో పొడిగా వేయించేది తోరన్. క్యాబేజీ, బీన్స్, తోటకూర ఏదైనా పనికొస్తుంది.

కొబ్బరి, పచ్చిమిర్చి, జీలకర్ర కచ్చాపచ్చాగా నూరి, పెరుగుతో కలిపి చేసేది అవియల్. అరటికాయ, కంద, మునక్కాడ, పొట్లకాయ, బూడిద గుమ్మడి లాంటి కూరగాయలు ఇందులో పడతాయి. తాలింపు ఉండదు. దించే ముందు పచ్చి కొబ్బరి నూనె, కరివేపాకు వేస్తే చాలు.

కొబ్బరి పాలతో చేసేది ఓలన్. బూడిద గుమ్మడి, అలసందలు, పచ్చిమిర్చి తప్ప పెద్దగా మసాలా ఏమీ లేని చప్పటి కూర. కారం, పులుపుల మధ్య నాలుకకు కాస్త విశ్రాంతి ఇవ్వడమే దీని పని.

వేయించిన కొబ్బరితో చేసేవి ఎరిశ్శేరి, కూట్టుకరి. మొదటిది సాధారణంగా గుమ్మడితో, రెండోది నల్ల శనగలు, కంద, అరటికాయలతో వండుతారు.

పుల్ల పెరుగు, కొబ్బరి, మిరియాలతో చిక్కగా చేసేది కాళన్.

వీటన్నిటినీ సరిచేసేది ఇంజికరి, అంటే అల్లం కూర. అల్లం, చింతపండు, బెల్లంతో చేసే ఈ కూర ఒక్కటే వెయ్యి కూరల పెట్టని అక్కడ అంటుంటారు. ఆకులో వేసేది మాత్రం చెంచాడే.

ఇలా చూస్తే ఎంపిక తేలికవుతుంది. ఒక్కో గుంపు నుంచి ఒకటి తీసుకుంటే చాలు. తోరన్, అవియల్, ఓలన్, ఒక పచ్చడి, ఇంజికరి. వీటికి పప్పు, సాంబారు, మజ్జిగ, ఒక పాయసం కలిపితే ఆకులో ఏ రుచీ తగ్గదు. అవియల్ చేస్తే కాళన్ వదిలేయొచ్చు. రెండూ పెరుగు, కొబ్బరి కూరలే. పచ్చడి ఉంటే కిచ్చడి తప్పనిసరి కాదు. గుమ్మడితో ఎరిశ్శేరి చేస్తే పచ్చడికి అనాస తీసుకోవాలి. ఒకే కూరగాయ రెండుచోట్ల కనిపించకపోతే ఆకు నిండుగా అనిపిస్తుంది.

ఏది ముందు వండాలి?

ఇంజికరి రెండు రోజుల ముందే చేసి పెట్టుకోవచ్చు. నిల్వ ఉన్నకొద్దీ రుచి పెరుగుతుంది. కాళన్ చేయాలనుకుంటే దాన్నీ ముందు రోజు వండొచ్చు. అరటికాయ చిప్స్, బెల్లం పాకం పట్టిన శర్కర వరట్టి కొనుక్కునేవారే ఎక్కువ. కూరగాయలు ముందు రాత్రి తరిగి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

అవియల్, తోరన్, ఓలన్ మాత్రం ఆ రోజు ఉదయం వండాల్సినవే. ఓలన్‌లో చిక్కటి కొబ్బరి పాలు చివర్లో పోసి, మరగకముందే దించాలి. లేకపోతే పాలు విరిగినట్టవుతాయి.

'అసలైన' సద్య ఏది?

ఉల్లి, వెల్లుల్లి లేని పూర్తి శాకాహార భోజనమే సంప్రదాయ సద్య అన్నది సాధారణ అభిప్రాయం. అయితే ఉత్తర కేరళలోని మలబార్ ప్రాంతంలో చాలా ఇళ్లలో ఓణం ఆకులో చేపో, కోడి కూరో ఉంటుంది. వారికి అదే సంప్రదాయం. ఒకే పద్ధతి అసలైనదని చెబితే ఈ ఇళ్లన్నీ లెక్కలోకి రాకుండా పోతాయి.

ఆస్తి అమ్ముకునైనా ఓణం భోజనం చేయాలన్న అర్థంలో మలయాళంలో ఒక సామెత ఉంది. పండగంటే ఎంత పట్టింపో అది చెబుతుంది. ఆ పట్టింపు భారం ఎక్కువగా పడేది ఇంట్లోని ఆడవాళ్ల మీదే. వంటింట్లో వారి చాకిరీని 2021లో వచ్చిన మలయాళ సినిమా 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్' చూపించినప్పుడు కేరళలోనే కాదు, దేశమంతటా చర్చ జరిగింది. ఇప్పుడు నగరాల్లో చాలామంది హోటళ్ల నుంచి సద్య తెప్పించుకుంటున్నారు. హైదరాబాద్, బెంగళూరుల్లోని మలయాళీ కుటుంబాలదీ అదే దారి.

అలాగని ఇంటి వంట పూర్తిగా మానేయాల్సిన పని లేదు. ఇంటికి పేరు తెచ్చిన రెండు మూడు కూరలు ఇంట్లో వండుకుని, మిగతావి బయటి నుంచి తెప్పించుకోవచ్చు. కొబ్బరి కోరడం, కూరగాయలు తరగడం మగవాళ్లు, పిల్లలు పంచుకోవచ్చు.

మహాబలి పాలనలో మనుషులందరూ సమానంగా బతికారన్న నమ్మకమే ఓణానికి మూలం. ఆ పండగ రోజు వండినవాళ్లు అందరూ తిన్నాక, చల్లారిన అన్నంతో ఒంటరిగా కూర్చోవడం ఆ కథకే పొసగదు. ఎన్ని రకాలు చేయాలో తేల్చుకునేందుకు ఇదొక్కటే కొలత పెట్టుకోవచ్చు: వండినవాళ్లు కూడా మొదటి పంక్తిలోనే కూర్చోగలిగినన్ని.