ఇంటి కుండీలో ఫిలోడెండ్రాన్

హృదయాకారపు ఆకులున్న ప్రతి తీగనూ మనీప్లాంటు అనడం తెలుగు ఇళ్లలో అలవాటే గానీ, నర్సరీల్లో దాని పక్కనే అమ్మే ఫిలోడెండ్రాన్ వేరే మొక్క. చేమ, కందలతో పాటు రెండూ ఏరేసీ కుటుంబానివే అయినా, ఫిలోడెండ్రాన్ జాతులు 400కు పైగా ఉండగా అవన్నీ అమెరికా ఖండాల ఉష్ణమండల ప్రాంతాలకు చెందినవి. కొత్త ఆకు వచ్చే తీరును గమనిస్తే తేడా తెలుస్తుంది: ఫిలోడెండ్రాన్‌లో లేత ఆకు తొడుగులాంటి పలచని పొరలో చుట్టుకుని ఉంటుంది, ఆకు విచ్చుకున్నాక ఆ పొర ఎండి రాలిపోతుంది, మనీప్లాంటులో కొత్త ఆకు పాత ఆకు కాడకున్న గాడిలోంచి బయటికొస్తుంది.

అడవిలో ఈ తీగలు చాలావరకు చెట్ల బోదెలను పట్టుకుని పైకి పాకుతాయి. కణుపుల దగ్గర పుట్టి గాలిలోకి చాచుకునే వాయుగత వేర్లు బెరడును కరిచిపట్టుకుని, వాన కురిసినప్పుడు తడిసి, ఆపైన త్వరగానే ఆరిపోతాయి. కుండీలో ఈ తీగలు నీళ్లు చాలక చచ్చేదాని కన్నా నీళ్లు ఎక్కువై చచ్చేదే ఎక్కువ కావడానికి మూలం ఇక్కడే ఉంది. మట్టిలోని ఖాళీలన్నీ నీటితో నిండితే వేర్లకు ప్రాణవాయువు అందక అవి కుళ్లుతాయి, కుళ్లిన వేర్లు నీరు పీల్చలేవు గనుక మొక్క తడిమట్టిలోనే వాడిపోతుంది. అది చూసి దాహం వేసిందనుకుని మరో చెంబు పోస్తే దాని పని అంతటితో సరి. అందుకే వేలిని ఒక కణుపు లోతు గుచ్చి, మట్టి పొడిగా తగిలాకే అడుగు రంధ్రం నుంచి కారేదాకా నీళ్లు పోయాలి. ఉత్త ఎర్రమట్టి గట్టిపడిపోతుంది కనుక అందులో కొబ్బరి పొట్టు, వర్మికంపోస్టు, బొగ్గు ముక్కలు కలపడం మంచిది.

కిటికీ దగ్గర ధారాళమైన వెలుతురు చాలు. వేసవిలో పడమటి ఎండ నేరుగా తగిలితే ఆకులు మాడతాయి. తెల్లని మచ్చలున్న రకాలకు మాత్రం వెలుతురు ఎక్కువ కావాలి, ఎందుకంటే ఆ మచ్చల్లో ఆహారం తయారుచేసే పత్రహరితం ఉండదు. కొబ్బరి పీచు చుట్టిన కర్రను ఆసరాగా ఇచ్చి పైకి పాకించిన తీగకు, వేలాడదీసిన తీగ కంటే సాధారణంగా పెద్ద ఆకులు వస్తాయి.

ఈ మొక్కలు ఇంటి గాలిని శుభ్రం చేస్తాయన్న ప్రచారానికి మూలమైన 1989 నాటి నాసా పరిశోధన మూసివేసిన చిన్న గదుల్లో జరిగింది. తలుపులు, కిటికీలు ఉన్న ఇంట్లో నాలుగైదు కుండీల వల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. తీగను పెంచడానికి దాని అందం చాలదా?

కందకు దురద తెచ్చే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలే, అంటే సూదుల్లాంటి సన్నని పలుకులే, ఫిలోడెండ్రాన్ ఆకుల్లోనూ కాడల్లోనూ ఉంటాయి. నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి కనుక పాకే పిల్లలకు, పెంపుడు పిల్లులకు, కుక్కలకు అందని ఎత్తులో కుండీ ఉంచాలి, కత్తిరించాక చేతులు కడుక్కోవాలి. కత్తిరించిన ముక్కలో కనీసం ఒక కణుపు ఉంటే నీటిలోనైనా వేర్లు పుట్టి కొత్త తీగ అవుతుంది. కణుపు లేని ఆకు వారాల తరబడి పచ్చగా నిలిచినా మొక్క కాదు.