నారింజ బుట్టల కింద బ్యాంకు

అది అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం. 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున భూమి కంపించింది. ఇళ్లు కూలాయి. వెంటనే మంటలు లేచాయి. ఓ చిన్న బ్యాంకు యజమాని పొరుగూరి నుంచి హుటాహుటిన వచ్చారు. బ్యాంకులో ఉన్న సుమారు 80 వేల డాలర్ల సొమ్మును కూరగాయల బండ్లకెత్తించారు. దొంగల కన్ను పడకుండా పైన నారింజ పండ్ల బుట్టలు పేర్పించారు. మంటలు చేరేలోగా సొమ్ము ఊరు దాటింది.

ఆయన పేరు అమడియో పీటర్ జియానీనీ.

కూరగాయల వ్యాపారం నుంచి...

ఇటలీ నుంచి వలస వచ్చిన దంపతులకు 1870లో శాన్‌హోసేలో ఆయన జన్మించారు. రైతు అయిన తండ్రి ఒక్క డాలరు దగ్గర వచ్చిన తగాదాలో హత్యకు గురయ్యారు. సవతి తండ్రిది కూరగాయల వ్యాపారం. జియానీనీ చదువు మానేసి అందులో చేరారు. రైతుల వద్దకు తిరిగి సరుకు కొనేవారు. ఎవరి మాట ఎంత గట్టిదో అక్కడే తెలుసుకున్నారు.

ఆ రోజుల్లో పెద్ద బ్యాంకులు ఉన్నవారికే అప్పులిచ్చేవి. కూలీలకు, చిల్లర వర్తకులకు వడ్డీ వ్యాపారులే దిక్కు. అటువంటి వారి కోసమే 1904 అక్టోబరు 17న, అంతకుముందు సారా దుకాణంగా ఉన్న గదిలో, బ్యాంక్ ఆఫ్ ఇటలీని ప్రారంభించారు.

పీపాల మీద పలక

భూకంపం తర్వాత పెద్ద బ్యాంకుల ఇనప్పెట్టెలు నిప్పుల్లా కాలుతున్నాయి. తెరిస్తే నోట్లు భగ్గుమంటాయని అవి చల్లారేదాకా ఆగారు. జియానీనీ మాత్రం రేవు దగ్గర రెండు పీపాల మీద పలక పరిచి అప్పులివ్వసాగారు. తాకట్టు పెట్టేందుకు జనం దగ్గర ఏమీ మిగల్లేదు. మనిషిని చూసి, మాట నమ్మి ఇచ్చారు. ఆ బాకీలన్నీ వసూలయ్యాయని ఆయన తర్వాత చెప్పేవారు.

రైతుల ముంగిట శాఖలు

1909లో శాన్‌హోసేలో శాఖ తెరిచారు. క్రమంగా కాలిఫోర్నియా వ్యవసాయ ప్రాంతాలన్నిటా శాఖలు వెలిశాయి. ఒకచోట పంట పోయినా మరోచోటి డిపాజిట్లు ఆదుకునేవి. 1930లో అది బ్యాంక్ ఆఫ్ అమెరికా అయింది.

ఆయన తప్పుకున్నాక కొత్త యాజమాన్యం సంస్థను ముక్కలుగా అమ్మజూసింది. ఆయన ఊరూరా తిరిగి చిన్న వాటాదారుల ఓట్లు కూడగట్టారు. 1932లో మళ్లీ పగ్గాలు చేపట్టారు. 1945 నాటికి అది ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రైవేటు బ్యాంకు.

1949 జూన్ 3న జియానీనీ కన్నుమూశారు. అంత బ్యాంకును నిలబెట్టిన మనిషి వదిలి వెళ్లిన ఆస్తి అయిదు లక్షల డాలర్లకు లోపే.