తండ్రే తల్లికి మేనమామ

స్పెయిన్ రాజు రెండో కార్లోస్ 1700 నవంబరు 1న, 39 ఏళ్లు నిండకుండానే చనిపోయాడు. రెండు పెళ్లిళ్లు చేసుకున్నా సంతానం కలగలేదు. ఆయనతో స్పెయిన్‌లో హాబ్స్‌బర్గ్ రాజవంశం అంతరించింది. వారసత్వం కోసం 1701లో మొదలైన యుద్ధం 1714 దాకా సాగింది.

ఈ రాజు వంశవృక్షం అర్థం కావడానికి మన వరసలే చాలు. తండ్రి నాలుగో ఫిలిప్‌కు చెల్లెలు మరియా అన్నా. ఆమె కూతురు మరియానా. ఆ పిల్లను ఫిలిప్ తన కొడుక్కి చేసుకోవాలనుకున్నాడు. కొడుకు చనిపోవడంతో 1649లో తానే పెళ్లాడాడు. వాళ్లకు పుట్టినవాడు కార్లోస్. అంటే అతనికి మేనత్తే అమ్మమ్మ. ఇంకా పైకి వెళ్తే ముడులు మరింత బిగుస్తాయి. మరియానా తల్లిదండ్రులది మేనరికం. కార్లోస్ ముత్తాత రెండో ఫిలిప్ కూడా చెల్లెలి కూతురినే చేసుకున్నాడు. నాయనమ్మ మార్గరెట్ తల్లిదండ్రులూ మేనమామా మేనకోడళ్లే. రాజ్యాలు చేయి దాటిపోకూడదని స్పెయిన్, ఆస్ట్రియా శాఖలు ఇలా పిల్లనిచ్చి పుచ్చుకున్నాయి. చర్చి ఒప్పుకోని వరసలకు పోప్ ప్రత్యేక అనుమతి ఇచ్చేవాడు.

దాదాపు ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి చెడినా చాలాసార్లు రెండోది కాపాడుతుంది. అమ్మానాన్నల పూర్వీకులు ఒక్కరే అయితే, ఆ చెడిన ప్రతే రెండువైపులా రావచ్చు. మేనమామ, మేనకోడలి బిడ్డలో రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతికి నకళ్లయ్యే అవకాశం నూటికి 12.5. స్పెయిన్ పరిశోధకులు 2009లో లెక్కగడితే కార్లోస్‌కు అది 25.4 అని తేలింది. తోడబుట్టినవాళ్లకు బిడ్డ పుడితే ఉండేది 25. దగ్గరి పెళ్లిళ్లు తరతరాలుగా పేరుకుంటేనే లెక్క అక్కడిదాకా పోతుంది. కార్లోస్ రోగిష్ఠి మనిషి; అతని జబ్బులకు రెండు జన్యులోపాలు కారణమై ఉండొచ్చని ఆ పరిశోధకుల ఊహ.

అవకాశం ఉన్నంత మాత్రాన జబ్బు రావాలని లేదు. కార్లోస్ అక్క మార్గరీటాకూ ఇదే లెక్క. వెలాస్కెజ్ గీసిన ‘లాస్ మెనినాస్’ చిత్రం మధ్యలో నిలబడ్డ పాప ఆమే. తమ్ముడి అవస్థలు ఆమెకు రాలేదు. అయినా 1666లో ఆమెనూ సొంత మేనమామ లియోపోల్డ్‌కే కట్టబెట్టారు. నలుగురు బిడ్డల్లో ఒక్కరే బతికారు. 21 ఏళ్లకే ఆమె కన్నుమూసింది. ఈ వంశంలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఈమె బతుకే.

అక్క కూతురిని చేసుకోవడం మన ఇళ్లలో ఇంకా ఉంది. మీ కుటుంబంలో రెండు మూడు తరాలుగా ఇలాంటి పెళ్లిళ్లు జరిగి ఉంటే, కొత్త సంబంధం ఖాయం చేసుకునే ముందే తాతముత్తాతల వరసలన్నీ కాగితం మీద రాసి జన్యు వైద్య నిపుణులకు చూపించండి.