అమ్మగారి పుట్టింటి పేరేమిటి?

క్రిస్మస్ రోజుల్లో మత్తయి సువార్త తెరిచినవారు మొదటి పదిహేడు వచనాల పేర్ల పట్టికను దాటేసి, నేరుగా 18వ వచనానికి వెళ్లిపోవడం మేమెరిగిన సంగతే. తండ్రుల పేర్లే వరుసగా సాగే ఆ వంశావళిలో తామారు, రాహాబు, రూతు, మరియ పేర్లు కూడా కనిపిస్తాయి. బత్షెబను మాత్రం మత్తయి పేరుతో గాక ఊరియా భార్యగానే ప్రస్తావించాడు (మత్తయి 1:6). మన ఇళ్లలో రాసుకునే వంశవృక్షాల్లో ఎక్కువమంది స్త్రీలది ఈమె పరిస్థితే.

కొన్నాళ్ల క్రితం మా సంఘంలోని ఒక యువకుడు పెద్ద చార్టు తెచ్చి చూపించాడు. అయిదు తరాల పురుషుల పేర్లు ఇంటిపేర్లతో సహా ఉన్నాయి. వారి పక్క గడులు చాలావరకు ఖాళీ. అతని అమ్మమ్మ మంచంలో ఉంది. తన తల్లి ఏ ఇంటి ఆడపడుచో తెలుసుకోవాలని ఆమె కోరిక. పాత బాప్తిస్మపు రిజిస్టరు తీశాం. భర్త పేరు, ఇంటిపేరు, ఊరు ఉన్నాయి. కింద 'అతని భార్య మార్తమ్మ', అంతే. మార్తమ్మ అన్నది బాప్తిస్మంలో పెట్టిన పేరు. పెళ్లితో ఇంటిపేరు, బాప్తిస్మంతో పిలుపు పేరు, రెండూ పోయాయి.

పెళ్లి రిజిస్టరు కొంత నయం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఇచ్చిన నమూనాలో వధూవరులిద్దరి తండ్రుల పేర్లకు గడి ఉంది, తల్లులకు లేదు. అయినా వధువు తండ్రి పేరు దొరికితే పుట్టింటి ఆచూకీ దొరికినట్టే. మార్తమ్మ పెళ్లి బాప్తిస్మానికి ముందే జరిగింది గనుక ఆ దారీ మూసుకుపోయింది. చివరికి ఆమె పెద్దకూతురి పెళ్లి నమోదులో ఒక సాక్షి సంతకం దగ్గర ఆగాం. ఇంటిపేరు వేరు, ఊరు వేరు. ఆ పేరు చదివి వినిపిస్తే అమ్మమ్మ "మా మేనమామ!" అంది. ఆడవారి జాడ వెదికేవారు వారి అన్నదమ్ముల కోసం వెదకడం మంచిది. మేనకోడలి పెళ్లికి మేనమామ రాకుండా ఉంటాడా?

రాజుల గ్రంథాలు రాసినవారు ఈ విషయంలో మనకంటే శ్రద్ధగలవారు. యూదా రాజుల్లో దాదాపు అందరికీ తల్లి పేరు రాశారు. యెహోయాహాజు తల్లి హమూటలు, లిబ్నా ఊరివాడైన యిర్మీయా కుమార్తె (2 రాజులు 23:31). ఈ యిర్మీయా ప్రవక్త కాడు, వేరొకాయన. ఆమె పేరు, తండ్రి పేరు, ఊరు, మూడూ ఒకే వచనంలో దొరుకుతాయి!

1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద ప్రార్థించినవారిలో మిషనరీ జూవెట్ దంపతులతో పాటు ముగ్గురు తెలుగువారున్నారు. అందులో ఇద్దరు స్త్రీలు, జూలియా, రూతు. ఆ కొండ కథ మన సంఘాల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో! వాళ్ల పుట్టిళ్ల ప్రస్తావన మాత్రం రాదు.

ఇతరులను అనేముందు మా చేతిరాత చూసుకున్నాం. సమాధుల రిజిస్టరులో ఏళ్ల తరబడి మేము రాసినవి 'ఫలానావారి భార్య', 'ఫలానావారి తల్లి'. వేదాంత కళాశాలలో మత్తయి వంశావళి మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మరి! ఇప్పుడు భూస్థాపనకు ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాం, అమ్మగారి పుట్టింటి పేరేమిటని. మొన్న ఒక ఇంట్లో నలుగురు కొడుకులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అరుగు మీద కూర్చున్న ముసలామె, చనిపోయినామె తోడికోడలు, అక్కడి నుంచే చెప్పింది. రాసుకున్నాం. పనిలోపనిగా ఆమె పుట్టింటి పేరు కూడా.